తపాలు ఆగని ఆఫీసులో నకలు తీయడం ఎలా? – ఈ-మెయిల్ భద్రత వెనుక కథ

ఇన్‌వర్డు రిజిస్టరుకు నకలు తీయమంటే మన తరం గుమాస్తాలకు అదేమంత పెద్ద పని కాదు. సాయంత్రం తపాలు కట్టేశాక చివరి నంబరు కింద ఒక గీత గీసి, అక్కడివరకు ఉన్న పద్దులను చూసి రాసుకోవడమే. కిటుకంతా ఆ గీతలోనే ఉంది. గీత పడిన తర్వాత ఎవరూ కొత్త పద్దు చేర్చరు, పాత పద్దు దిద్దరు. కనుకనే నకలూ అసలూ సరిపోతాయి.

అదే తపాలు రాత్రీ పగలూ ఆగకుండా వచ్చే ఆఫీసయితే? నకలు రాసే అతను పదో పుటలో ఉండగా రెండో పుటలో ఒకరు దిద్దుబాటు చేస్తారు, యాభయ్యో పుటలో మరొకరు కొత్త పద్దు వేస్తారు. చివరకు తయారయ్యే నకలులో కొన్ని పుటలు ఉదయానివి, కొన్ని సాయంత్రానివి అవుతాయి. ఆ రిజిస్టరు ఏ ఒక్క క్షణంలోనూ అలా ఉండలేదు. అటువంటి నకలును ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

ఈ-మెయిల్ నడిపే యంత్రాలకు, అంటే మెయిల్ సర్వర్లకు, సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. దానికి కనుక్కున్న ఉపాయాన్ని స్నాప్‌షాట్ అంటారు. పెన్షన్ సమాచారం, బ్యాంకు లెక్కలు, దూరదేశాల్లో ఉన్న పిల్లల ఉత్తరాలు ఇప్పుడు చాలావరకు ఈ దారినే మనకు చేరుతున్నాయి. కనుక ఆ ఉపాయం ఎలా పుట్టింది, ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ నమ్మకూడదు అన్న సంగతులు మన సభ్యమిత్రులు తెలుసుకోదగినవే.

పియాన్ బుక్కులో సంతకం

1965లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అనే ఇద్దరు ఒకే కంప్యూటరును వాడుకునేవారు ఒకరికొకరు ఉత్తరాలు పెట్టుకునే ఏర్పాటు చేశారు. 1971లో రే టామ్లిన్సన్ ఒక యంత్రం నుండి మరో యంత్రానికి ఉత్తరం పంపాడు. మనిషి పేరుకు, యంత్రం పేరుకు మధ్య ఈనాడు మనం చూసే 'ఎట్' గుర్తును పెట్టింది ఆయనే. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఈ ఉత్తరాల రవాణాకు నియమావళి రాశాడు. దాని పేరు ఎస్.ఎం.టి.పి.

ఆ నియమావళిలో మనవంటివారికి వెంటనే అర్థమయ్యే సంగతి ఒకటుంది. ఉత్తరం అందుకున్న యంత్రం '250' అనే అంకెతో జవాబు చెప్పాలి. అది పియాన్ బుక్కులో సంతకం వంటిది. సంతకం పడేదాకా ఉత్తరం బాధ్యత పంపినవారిది, పడ్డాక అందుకున్నవారిది. సంతకం దొరకకపోతే పంపిన యంత్రం ఉత్తరాన్ని తనవద్దే ఉంచుకొని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాలి. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నం మానకూడదని 1989లో వచ్చిన వివరణ చెబుతోంది. ఒకసారి సంతకం చేశాక, యంత్రం కూలిపోయిందనే సాకుతో ఉత్తరాన్ని పోగొట్టరాదని కూడా అందులోనే ఉంది. ఈ సంతకం సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

టేపులు చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో నకలు అంటే అయస్కాంతపు టేపు. రాత్రివేళ పని తగ్గినప్పుడు డిస్కులో ఉన్నదంతా టేపుకు ఎక్కించి బీరువాలో పెట్టేవారు. కొన్నాళ్ళయ్యాక అదే టేపును చెరిపి మళ్ళీ వాడేవారు.

ఈ టేపుల విలువ లోకానికి తెలిసింది 1986 నవంబరులో. అమెరికా అధ్యక్ష భవనంలో ఇరాన్-కాంట్రా వ్యవహారం బయటపడిన ఆ వారంలో జాతీయ భద్రతా సలహాదారు జాన్ పాయిండెక్స్టర్, ఆయన కింద పనిచేసిన ఆలివర్ నార్త్ తమ కంప్యూటరు ఉత్తరాలను ఐదువేలకు పైగా చెరిపివేశారు. ఆ భవనంలో ప్రాఫ్స్ అనే ఐ.బి.ఎం. ఉత్తరాల పద్ధతి ఉండేది. చెరిపితే పోయినట్లేనని వారు అనుకున్నారు. కానీ అక్కడి కమ్యూనికేషన్స్ విభాగంలోని ఉద్యోగులు ఆ నెల టేపులను రెండు వారాలకొకసారి తిరిగి వాడే మామూలు పద్ధతిలో చెరపకుండా భద్రపరిచారు. 1987 ఫిబ్రవరిలో వెలువడిన టవర్ కమిషన్ నివేదికకు ఆ టేపుల నుండి వచ్చిన ఉత్తరాలు ముఖ్యమైన ఆధారమయ్యాయి.

1989 జనవరిలో రేగన్ పదవీకాలం ముగుస్తుండగా మిగిలిన టేపులను చెరపకుండా ఆపాలని స్కాట్ ఆర్మ్‌స్ట్రాంగ్ మరికొందరితో కలిసి కోర్టుకు వెళ్ళాడు. ముఖ్యమైనవి కాగితం మీద అచ్చు తీసుకుంటే చాలు గదా అన్నది ప్రభుత్వ వాదన. 1993 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారన్న వివరాలు కాగితంపై పూర్తిగా రావు కనుక కంప్యూటరులోని ఉత్తరమే రికార్డు అని తేల్చింది. నోటుఫైలు లేని కరెంటుఫైలు సగం ఫైలే అని మనకు తెలిసిన న్యాయమే ఇది.

రాత్రి విరామం పోయింది

1990ల్లో ఇంటర్నెట్ జనంలోకి వచ్చింది. మన దేశంలో 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఈ సేవను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. ఒక దేశపు రాత్రి మరో దేశపు పగలు. ఉత్తరాలు ఇరవైనాలుగు గంటలూ రావడం మొదలైంది. డిస్కులు పెరిగాయి, టేపుకు ఎక్కించడానికి పట్టే సమయమూ గంటల్లోకి పెరిగింది. సర్వరును ఆపి నకలు తీస్తే జనం ఊరుకోరు, ఆపకుండా తీస్తే పైన చెప్పిన కలగాపులగం నకలు వస్తుంది.

ఉత్తరాలను దాచే పద్ధతి కూడా ఈ కష్టాన్ని పెంచింది. యూనిక్స్ యంత్రాల్లో ఒక మనిషికి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో, ఒకదాని కింద ఒకటి అతికించినట్లు ఉండేవి. దీన్ని ఎంబాక్స్ అంటారు. ఒక్క ఉత్తరం వచ్చినా మొత్తం ఫైలు మారినట్లే లెక్క, నకలు మళ్ళీ మొదటినుండి తీయాలి. మధ్యలో ఒక ఉత్తరం తీసేస్తే కింద ఉన్నవన్నీ పైకి జరగాలి. సరిగ్గా ఆ జరిపే సమయంలో నకలు తీస్తే అందులో ఒక ఉత్తరం తల, మరో ఉత్తరం మొండెం కలిసే ప్రమాదం ఉంది.

పుటలకు కాదు, విషయసూచికకు నకలు

ఈ చిక్కును విప్పిన ఆలోచన చాలా సులువైనది. విడి కాగితాలతో 1000 పుటల రిజిస్టరు ఉందనుకుందాం. ముందు ఒక విషయసూచిక ఉంది. ఏ పద్దు ఏ కాగితంలో ఉందో అది చెబుతుంది. రాత్రి 11 గంటలకు మనం 1000 పుటలు రాయనక్కరలేదు. విషయసూచిక ఒక్కదానికి నకలు తీసి పక్కన పెట్టుకుంటే చాలు. అయితే ఒక షరతు ఉంది. ఆ క్షణం నుండి పాత కాగితం మీద ఎవరూ దిద్దరాదు. దిద్దవలసి వస్తే కొత్త కాగితం మీద రాసి, వాడుకలో ఉన్న విషయసూచికలో మాత్రమే చోటు మార్చాలి. పక్కన పెట్టిన సూచిక పాత కాగితాన్నే చూపిస్తూ ఉంటుంది. మరునాటికి 30 పుటలు మారితే బీరువాలో మొత్తం 1030 కాగితాలుంటాయి, కానీ రెండు రోజుల రిజిస్టర్లు పూర్తిగా చదువుకోవచ్చు. ఇదే స్నాప్‌షాట్. ఫోటో తీసినట్లు ఒక్క క్షణంలో పని ముగుస్తుంది.

బెల్ లేబొరేటరీస్ వారి ప్లాన్ 9 అనే పద్ధతిలో ఫైళ్ళ సర్వరు రోజూ తెల్లవారుజామున 5 గంటలకు ఇటువంటి గీత గీసుకొని, మారిన భాగాలను తర్వాత తీరికగా చెరపడానికి వీలులేని పళ్ళేలకు ఎక్కించేది. 1992లో స్థాపించిన నెట్‌వర్క్ అప్లయన్స్ సంస్థకు చెందిన డేవ్ హిట్జ్, జేమ్స్ లౌ, మైఖేల్ మాల్కమ్ తమ వాఫుల్ అనే పద్ధతిని 1994 జనవరిలో ఒక పత్రంలో వివరించారు. అందులో ఒకేసారి 20 వరకు స్నాప్‌షాట్లు ఉంచుకోవచ్చు. సన్ మైక్రోసిస్టమ్స్ వారి జెడ్.ఎఫ్.ఎస్. 2005లో బయటికి వచ్చి ఇదే దారిని మరింత విస్తరించింది.

లినక్సులోని ఎల్.వి.ఎం. మొదట్లో ఇంకో దారి పట్టింది. దిద్దే ముందు పాత కాగితానికి నకలు రాసి వేరే అరలో పెట్టడం ఆ పద్ధతి. ఆ అర నిండిపోతే స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. కనుక అరకు ఎంత చోటు ఇవ్వాలన్నది ముందే లెక్క వేసుకోవాలి.

ఉత్తరం సగం రాసి ఉండగా

ఇక్కడితో కథ ముగిసిందనుకుంటే పొరపాటు. స్నాప్‌షాట్ తీసేది డిస్కు, ఉత్తరం రాసేది మెయిల్ సర్వరు. సర్వరు చేతిలో కలం ఉండగానే డిస్కు ఫోటో తీసిందనుకోండి. సగం రాసిన పద్దు ఫోటోలో అలాగే పడుతుంది. అకస్మాత్తుగా కరెంటు పోతే డిస్కు ఏ స్థితిలో ఉంటుందో ఆ స్నాప్‌షాట్ సరిగ్గా ఆ స్థితిలో ఉంటుంది. ఆ స్థితి నుండి తేరుకోవడం సర్వరుకు తెలిసి ఉండాలి.

దీనికి ఒక చక్కని జవాబు డేనియల్ జె. బెర్న్‌స్టీన్ ఇచ్చాడు. ఆయన తయారుచేసిన క్యూమెయిల్ 1.0 1997లో వచ్చింది. దానితో ప్రచారంలోకి వచ్చిన మెయిల్‌డిర్ పద్ధతిలో ప్రతి ఉత్తరం ఒక విడి ఫైలు. ప్రతి పెట్టెలో టెంప్, న్యూ, కర్ అని మూడు అరలుంటాయి. వస్తున్న ఉత్తరాన్ని ముందు టెంప్ అరలో రాస్తారు. పూర్తిగా రాసి, డిస్కు మీద స్థిరపడిందని తేలాకే న్యూ అరలోకి చేరుస్తారు. అది ముగిసేదాకా ఉత్తరపు పూర్తి కాపీ సర్వరు వరుసలో ఉంటుంది. పంపినవారికి 250 అని సంతకం పెట్టేది, ఉత్తరం ఆ వరుసలో డిస్కు మీద స్థిరపడ్డాకే. వాడుకరి పెట్టె తెరిచి చూశాక ఉత్తరం కర్ అరలోకి మారుతుంది.

ఇప్పుడు ఏ క్షణంలో స్నాప్‌షాట్ తీసినా ఫరవాలేదు. సగం ఉత్తరం టెంప్ అరలో దొరికితే దాని పూర్తి కాపీ ఇంకా సర్వరు వరుసలోనే ఉంది, సర్వరు దాన్ని మళ్ళీ పెట్టెలోకి చేరుస్తుంది. అటువంటి సగం కాగితాలను 36 గంటల తర్వాత తీసివేయవచ్చని బెర్న్‌స్టీనే నియమం పెట్టాడు. స్నాప్‌షాట్ లేకుండా ఫైలు తర్వాత ఫైలు నకలు తీస్తే మాత్రం, ఆ మధ్యలో ఒక ఉత్తరం న్యూ నుండి కర్‌లోకి మారి, రెండుసార్లు నకలయినా కావచ్చు, అసలు కాకుండా పోయినా పోవచ్చు.

చిట్టా, ఆవర్జా, మధ్యలో 10 సెకన్లు

1996లో సర్వరుగా వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ దారి వేరు. అందులో ఉత్తరాలన్నీ పెద్ద డేటాబేసులో ఉంటాయి. మన పాత షావుకార్లు ఏ లావాదేవీ జరిగినా ముందు చిట్టాలో వేసి, తర్వాత తీరికగా ఆవర్జాకు ఎక్కించేవారు. ఎక్స్‌ఛేంజ్ కూడా ఏ మార్పునైనా ముందు లాగ్ అనే చిట్టాలో రాసి, తర్వాత డేటాబేసు అనే ఆవర్జాకు ఎక్కిస్తుంది. కరెంటు పోయినా చిట్టాను మళ్ళీ చదువుకొని ఆవర్జాను సరిచేసుకుంటుంది. చిట్టా ముందు, ఆవర్జా తర్వాత అనే ఈ సూత్రం డేటాబేసుల్లో 1970ల నుండీ ఉన్నదే. దానిపై పేరుపొందిన పత్రాలలో ఒకటి 1992లో వెలువడిన ఏరీస్. దాని ప్రధాన రచయిత ఐ.బి.ఎం.లో పనిచేసిన, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన సి. మోహన్.

విండోస్ సర్వర్ 2003తో స్నాప్‌షాట్లకు ఒక ఆఫీసు పద్ధతి ఏర్పడింది. దాని పేరు వి.ఎస్.ఎస్. ఇందులో పాత్రధారులు ముగ్గురు. నకలు కావాలని కోరే బ్యాకప్ ప్రోగ్రాము ఒకటి, కలం పట్టుకున్న మెయిల్ సర్వరు రెండోది, ఫోటో తీసే డిస్కు వ్యవస్థ మూడోది. నకలు కోరినది ముందు కబురు పెడుతుంది. సర్వరు చేతిలో ఉన్న పద్దు పూర్తిచేసి కలం కింద పెడుతుంది. ఆ ఆగిన స్థితి 60 సెకన్లు దాటరాదు. డిస్కుపై రాతలన్నీ ఆపి ఫోటో తీసే అసలు ఘట్టం 10 సెకన్లు దాటరాదు. దాటితే ఆ ప్రయత్నం రద్దు. తర్వాత అందరూ ఎవరి పని వారు చేసుకుంటారు. వాడుకరులకు ఇదంతా జరిగినట్లే తెలియదు.

నకలు భద్రంగా ముగిసిందని సర్వరుకు తిరిగి కబురు అందాలి. అప్పుడే అది పాత చిట్టా పుటలను తొలగిస్తుంది. సర్వరుకు చెప్పకుండా కేవలం డిస్కు స్థాయిలో ఎవరో స్నాప్‌షాట్లు తీసుకుంటూ పోతే ఈ కబురు అందదు. చిట్టా పెరిగి పెరిగి డిస్కు నిండిపోతుంది, చివరకు డేటాబేసు మూతపడి ఉత్తరాలు ఆగిపోతాయి. నకలు రోజూ తీస్తున్నారు గదా అనుకుంటున్న ఆఫీసులోనే ఇలా జరగడం విచిత్రంగా కనిపించవచ్చు. కానీ అది సెక్షన్ల మధ్య సమన్వయ లోపమే.

పాత నకలును తిరిగి తెచ్చినప్పుడు

తీసిన నకలుకు విలువ తేలేది దాన్ని తిరిగి వాడిన రోజున. రాత్రి 11 గంటలకు స్నాప్‌షాట్ తీశారు, మరునాడు మధ్యాహ్నం 3 గంటలకు సర్వరు పాడయింది, రాత్రి స్థితికి వెళ్ళారు. చేతిలో చిట్టా మిగిలి ఉంటే దాన్ని ఎక్కించి 3 గంటల దాకా రావచ్చు. లేకపోతే మూడు చిక్కులు వస్తాయి.

మొదటిది, ఆ 16 గంటల్లో వచ్చిన ఉత్తరాలకు సర్వరు సంతకాలు పెట్టేసింది. పంపినవారి దృష్టిలో అవి అందాయి, కనుక మళ్ళీ పంపరు. అందుకున్నవారి దగ్గర అవి లేవు. సర్వరు మూతపడి ఉన్న సమయంలో వచ్చిన ఉత్తరాలు పంపినవారి దగ్గర భద్రంగా వేచి ఉంటాయి. సంతకం పెట్టి పోగొట్టిన ఉత్తరాలే నిజంగా పోతాయి.

రెండోది, రాత్రి 11 గంటలకు పంపడానికి వరుసలో ఉన్న ఉత్తరాలు. అవి 11 గంటల 5 నిమిషాలకే వెళ్ళిపోయాయి. కానీ తిరిగి వచ్చిన పాత నకలులో అవి ఇంకా డిస్పాచ్ బల్లమీదే ఉన్నాయి. సర్వరు వాటిని రెండోసారి పంపుతుంది.

మూడోది నంబర్ల గొడవ. 1986లో మార్క్ క్రిస్పిన్ మొదలుపెట్టిన ఐమ్యాప్ పద్ధతిలో ప్రతి ఉత్తరానికి వరుస నంబరు ఉంటుంది. పాత నకలుకు వెళ్ళిన సర్వరు నిన్న వాడేసిన నంబర్లనే కొత్త ఉత్తరాలకు ఇస్తుంది. మన ఫోనులో 4501వ నంబరుతో నిన్నటి ఉత్తరం ఉంటుంది, సర్వరులో అదే నంబరుతో వేరే ఉత్తరం ఉంటుంది. అందుకే నంబర్ల శ్రేణికి విడిగా ఒక ముద్ర ఉంటుంది. నకలు తిరిగి తెచ్చినప్పుడు ఆ ముద్రను మార్చాలి. అప్పుడు ఫోను పాత లెక్క వదిలేసి మొదటినుండి సరిచూసుకుంటుంది.

నకలు అసలు బీరువాలోనే ఉంటే

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చివరికి చెబుతున్నాను. స్నాప్‌షాట్‌లో పుటలు రాయలేదు, సూచిక మాత్రమే రాశాం. పుటలు పాత బీరువాలోనే ఉన్నాయి. బీరువా కాలిపోతే అసలుతో పాటు స్నాప్‌షాటూ కాలిపోతుంది. స్నాప్‌షాట్ చేసే మేలు, నకలు తీయడానికి కదలని రిజిస్టరును ఇవ్వడం. దాన్ని చూసి తీరికగా వేరే చోటికి కాపీ రాసుకున్నప్పుడే అది బ్యాకప్ అవుతుంది.

2019 ఫిబ్రవరి 11న వి.ఎఫ్.ఈమెయిల్ అనే అమెరికా మెయిల్ సంస్థలోకి చొరబడిన దుండగుడు సర్వర్లనూ, వాటితోపాటు అందుబాటులో ఉన్న బ్యాకప్ యంత్రాలనూ కలిపి తుడిచేశాడు. 2001 నుండి నడుస్తున్న సంస్థ అది. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓ.వి.హెచ్. సంస్థ డేటా కేంద్రం అగ్నిప్రమాదంలో కాలిపోయినప్పుడు, అదే ఆవరణలో నకళ్ళు ఉంచుకున్న ఖాతాదారులలో కొందరు అసలునూ నకలునూ ఒకేరోజు కోల్పోయారు.

వీటికి ఎదురుగా 2011 ఫిబ్రవరి ఆఖరు నాటి సంఘటన ఉంది. జీమెయిల్‌లో కొత్త సాఫ్ట్‌వేరులోని లోపం వల్ల కొందరి పెట్టెలు ఖాళీ అయ్యాయి. గూగుల్ లెక్క ప్రకారం వారు వాడుకరులలో 0.02 శాతం. వేర్వేరు కేంద్రాల్లో ఉంచిన కాపీలను కూడా ఆ లోపం తాకింది. చివరకు ఆ ఉత్తరాలను తిరిగి తెచ్చింది, యంత్రాలకు తగిలించకుండా విడిగా ఉంచిన టేపులే. పాతకాలపు సరుకని అందరూ అనుకున్న టేపు, ఏ సాఫ్ట్‌వేరూ చేరలేని చోట ఉండబట్టి పనికొచ్చింది.

ఇంకో భేదం కూడా గమనించాలి. ఉదయం 9 గంటలకు వచ్చి 10 గంటలకు చెరిపేసిన ఉత్తరం రాత్రి 11 గంటల స్నాప్‌షాట్‌లలో ఏ ఒక్కదానిలోనూ ఉండదు. అంటే బ్యాకప్ వేరు, రికార్డు రూము వేరు. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా, ఎల్.డిస్. అయితే కొద్దికాలం అని మనం ఫైలు మూసేటప్పుడే రాసేవాళ్ళం. ఏది ఎంతకాలం ఉండాలన్న ఆ నిర్ణయం మనిషి చేయవలసినదే, స్నాప్‌షాట్ చేయదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం మన దేశంలో ఎలక్ట్రానిక్ రికార్డులకు చట్టబద్ధత ఇచ్చి, వాటిని ఎలా భద్రపరచాలో 7వ సెక్షనులో చెప్పింది. కనుక ఈ నిర్ణయం ఇప్పుడు ఆఫీసు బాధ్యత కూడా.

సభ్యమిత్రులకు చివరగా రెండు మాటలు. ఏ ఆఫీసులోనైనా, మన సంఘం కార్యాలయంలోనైనా, మెయిల్ నకళ్ళు తీస్తున్నామని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి. నకలు తీసే క్షణంలో మెయిల్ సర్వరుకు కబురు వెళుతోందా? ఆ నకలు వేరే చోట, వేరే తాళం కింద ఉందా? దాన్ని తిరిగి తెరిచి సరిచూసింది ఎప్పుడు? మూడో ప్రశ్నకు తేదీతో సహా జవాబు రాకపోతే, స్టాక్ వెరిఫికేషన్ జరగని స్టోరు మీద సంతకం పెట్టినట్లే అనుకోవాలి.

ఇక ఇంటి సంగతి. పెన్షన్ మంజూరు ఉత్తర్వు, కుటుంబ పెన్షన్ కాగితాలు మెయిల్‌లో ఉన్నాయి గదా అని ఊరుకోవద్దు. వాటిని వేరుగా ఒక చోట దాచి, కాగితం మీద కూడా ఒక కాపీ తీయించి, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.